ఏ మెట్టు వదలొచ్చు, ఏది వదలకూడదు

గోదావరి జిల్లాల్లో నర్సింగ్ చదువు గురించి ఎవరిని కదిపినా రెండు మాటలు వినిపిస్తాయి. "ఈ పిల్లలు వైవాలో గడగడా చెప్పేస్తారు, పేషెంటు దగ్గర నిలబెడితే చేతులు వణుకుతాయి" అంటుంది వార్డులో ఇన్‌ఛార్జ్ సిస్టర్. "మేం పద్ధతిగానే నేర్పి పంపుతాం, వార్డుకెళ్ళిన వారానికే అడ్డదారులన్నీ పట్టేస్తారు" అంటుంది కాలేజీలో ట్యూటర్. ఇద్దరూ కళ్ళారా చూసిందే చెబుతున్నారు. అయితే ఎవరికివారు అవతలివాళ్ళ వైపు వేలు చూపించడంతో అసలు చిక్కు ఎక్కడుందో తేలడం లేదు.

మామూలుగా దీనికి రాసే మందు ఒకటే: గంటలు పెంచడం. పోస్టింగులు (వార్డు డ్యూటీలు) పెంచండి, పనులు సాధన చేసే స్కిల్ ల్యాబ్ పెట్టండి, దానికి కొత్త డమ్మీలు, అంటే మనిషి బొమ్మలు, కొనండి. కొన్నిచోట్ల గంటలు చాలవన్నది నిజమే. అయినా నా దృష్టిలో ఇది గంటల తగువు కాదు. వార్డులో ఏ పనీ పుస్తకంలో రాసినట్టు మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా జరగదు. మనుషులు చాలరు, సరుకు అయిపోతుంది, పక్క బెడ్‌లో ఇంకొకరికి ఫిట్స్ వస్తాయి. ఏదో ఒక మెట్టు వదలక తప్పదు. ఏది వదిలితే ఫర్వాలేదో, ఏది వదిలితే ప్రాణం మీదికి వస్తుందో చెప్పగలిగేది థియరీయే. మనం మాత్రం కారణాలని రాత పరీక్షకీ, మెట్లని ప్రాక్టికల్‌కీ పంచేసి, ఆ రెంటినీ కలిపే బాధ్యతని పద్దెనిమిదేళ్ళ అమ్మాయి నెత్తిన పెట్టాం.

చదువు స్వరూపం తెలియనివాళ్ళకి క్లుప్తంగా: ఏఎన్ఎం (సహాయక నర్సు, మిడ్‌వైఫ్ కోర్సు) 2 ఏళ్ళు, జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ డిప్లొమా) 3 ఏళ్ళు, బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్ళు. 1947 నాటి చట్టంతో ఏర్పడిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సిలబస్ నిర్ణయిస్తూ వచ్చింది. 2021లో బీఎస్సీని 8 సెమిస్టర్లుగా మార్చి, చివరి సెమిస్టర్‌ని ఇంటర్న్‌షిప్‌కి కేటాయించింది. పదిమంది విద్యార్థులకి ఒక టీచరు, వార్డులో ఒక్కో విద్యార్థికి ముగ్గురు పేషెంట్లు ఉండాలన్నది కౌన్సిల్ లెక్క. 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసి, కౌన్సిల్ స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ ఉండాలంది. కాగితం మీద వెతికితే పెద్ద లోటేమీ దొరకదు.

లోటు మొదలైంది వేరేచోట. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట బడి పెట్టినప్పటి నుంచి చాలాకాలం వార్డే తరగతి గది. నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్ చేతిలోనే ఆసుపత్రి నర్సింగూ, బడీ రెండూ ఉండేవి. అందులో దోపిడీ కూడా తక్కువేం కాదు. నేర్చుకునే పిల్లలు జీతం లేని సిబ్బందిలా రాత్రీ పగలూ చాకిరీ చేసేవాళ్ళు. మన దేశంలో 1946లో ఢిల్లీలో, వెల్లూరులో నర్సింగ్ డిగ్రీ మొదలయ్యాక చదువు కాలేజీ వైపు నడిచింది. ఆ నడక అవసరమే, వెనక్కి పోవాలని ఎవరూ కోరుకోరు. కాకపోతే విద్యార్థితోపాటు టీచరు కూడా వార్డులోంచి బయటికి వచ్చేసింది.

దాని ఫలితం ఇప్పుడు మన డెల్టాలో ఏ పెద్ద ఆసుపత్రిలోనైనా పొద్దున్నే చూడొచ్చు. కాలేజీ బస్సు గేటు దగ్గర ఆగుతుంది. ఒకే వార్డులో రెండు మూడు కాలేజీల యూనిఫాంలు కనిపిస్తాయి. ట్యూటర్ హాజరు తీసుకుంటుంది, బెడ్లు పంచుతుంది, పిల్లలు పేషెంట్ల వివరాలు రాసే కేస్ బుక్కులు దిద్దుతుంది. కానీ ఆ వార్డులో ఆవిడ అతిథి. స్టాఫ్ నర్స్ చేసే పనిని "ఇలా కాదు కదమ్మా" అని అనే వీలు ఆవిడకి లేదు. అటు స్టాఫ్ నర్స్‌కి పిల్లలకి నేర్పమని ఎవరూ చెప్పలేదు, దానికి టైమూ ఇవ్వలేదు. క్లాసుకీ వార్డుకీ మధ్య ఉన్నది గోడ కాదు, ఖాళీ కుర్చీ.

చుక్కల లెక్క

సెలైన్ సంగతే తీసుకుందాం. 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి. సెట్ (సెలైన్ దించే గొట్టం) కవరు మీద మిల్లీలీటరుకి 20 చుక్కలని ఉంది. 500ని 20తో హెచ్చించి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. మొదటి ఏడాది అమ్మాయి ఈ లెక్క కళ్ళు మూసుకుని చేస్తుంది. వార్డుకొచ్చాక సిస్టర్ నోట వినేది "కొంచెం స్లో చెయ్యమ్మా", "ఫాస్ట్‌గా వదిలెయ్" మాత్రమే. ఎవరూ గడియారం చూడరు. రెండు వారాలకి ఆ అమ్మాయికీ లెక్క మీద నమ్మకం పోతుంది.

ఇక్కడ కారణం తెలిసినవాళ్ళు చేసే పని వేరుగా ఉంటుంది. ముందు సెట్ కవరు చూస్తారు, ఎందుకంటే కొన్ని సెట్లు మిల్లీలీటరుకి 15 చుక్కలవి. అప్పుడు అదే సెలైన్‌కి 31 చుక్కలు చాలు. నిమిషమంతా నిలబడి లెక్కపెట్టే తీరిక ఉండదు కాబట్టి, 20 చుక్కల సెట్ అయితే, 15 సెకన్లలో పది పదకొండు చుక్కలు చూసుకుంటారు. నిమిషమంతా లెక్కపెట్టడం వదలదగ్గ మెట్టు. వదలకూడనిది మళ్ళీ వచ్చి చూడడం. సెలైన్ దిగేది గురుత్వాకర్షణతో. పేషెంటు మోచెయ్యి మడిచినా, లేచి కూర్చున్నా, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చినా వేగం మారిపోతుంది. ఇరవై రెండేళ్ళ కుర్రాడికైతే ఎక్కువ తక్కువలు పెద్దగా తెలియవు. గుండె బలహీనంగా ఉన్న ముసలాయనకి అదే సెలైన్ గంటలో ఎక్కితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం వస్తుంది. చిన్నపిల్లలకి మిల్లీలీటరుకి 60 చుక్కల మైక్రో సెట్ వాడేది అందుకే. దానిలో ఇంకో సుఖం కూడా ఉంది: గంటకి ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కాలో నిమిషానికి అన్ని చుక్కలు. లెక్కే అక్కర్లేదు.

అంటే సిస్టర్ చెప్పే "స్లో", "ఫాస్ట్" పూర్తిగా తప్పు కావు. ఆవిడ ఏళ్ళ తరబడి చూసిన కంటితో చెబుతోంది. ఆ కన్ను లేని పిల్లకి మాత్రం అంకె కావాలి.

గాజు గొట్టం

నాట్ల రోజుల్లోనూ కోతల రోజుల్లోనూ ఇక్కడి క్యాజువాలిటీలకి పాము కాటు కేసులు వస్తుంటాయి. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది. దాన్ని పట్టుకోవడానికి ల్యాబ్ లేని పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) కూడా చేయగల పరీక్ష ఉంది. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారిందంటే విషం పని మొదలుపెట్టినట్టే.

మెట్లు నాలుగే కాబట్టి స్కిల్ ల్యాబ్‌లో అందరూ పాసైపోతారు. రాత్రి ఒంటిగంటకి పీహెచ్‌సీలో గాజు గొట్టం కనబడదు. చేతికి అందేది ప్లాస్టిక్‌ది. మెట్లు మాత్రమే నేర్చుకున్న అమ్మాయికి గొట్టం గొట్టమే, రక్తం దాంట్లోనే పోస్తుంది. అసలు రక్తం గడ్డకట్టే వరసని మొదలుపెట్టేదే గాజు ఉపరితలం. ప్లాస్టిక్‌లో ఆ ప్రేరణ ఉండదు, మామూలు రక్తం కూడా ఆలస్యం చేస్తుంది. సర్ఫ్‌తో కడిగిన గాజుదీ అదే పరిస్థితి. విషం ఎక్కని మనిషికి కూడా "గడ్డకట్టలేదు" అని వచ్చిందనుకోండి, అవసరం లేకుండా యాంటీవెనమ్ ఎక్కిస్తారు. అది గుర్రం రక్తంలోంచి తీసిన మందు, కొందరికి ఒంటికి పడక ప్రాణాపాయమూ తేవచ్చు.

ఇదే పరీక్షలో వదలదగ్గవీ ఉన్నాయి. రక్తం 2కి బదులు 3 మిల్లీలీటర్లు వచ్చిందా, కొంపేమీ మునగదు. గొట్టం నిలబెట్టే స్టాండు లేదా, గ్లాసులో ఆనించి పెట్టుకోవచ్చు. కదపకుండా ఉంచడం మాత్రం తప్పనిసరి. పక్కన కూర్చున్న బావమరిది రెండు నిమిషాలకోసారి గొట్టం ఎత్తి "అయిందాండీ?" అని అడుగుతుంటే ఆపడం కూడా నర్సు పనే, అది ఏ చెక్‌లిస్టులోనూ ఉండదు. మొదటిసారి గడ్డకట్టినంత మాత్రాన నిశ్చింత లేదు, మళ్ళీ మళ్ళీ చేసి చూడాలి. కట్లపాము విషయంలో అసలీ పరీక్ష అక్కరకే రాదు, దాని విషం నరాల మీద పనిచేస్తుంది. నేల మీద పడుకుని తెల్లవారుజామున కడుపునొప్పితో లేచిన మనిషికి గొట్టం వైపు కాదు, కనురెప్పల వైపు చూడాలి, వాలిపోతున్నాయేమోనని.

నాలుగు గంటలు ఎందుకు

లేబర్ రూమ్‌లో పార్టోగ్రాఫ్ అని ఒక గళ్ళ కాగితం ఉంటుంది. గర్భాశయ ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుంది, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోంది, నొప్పులు ఎలా వస్తున్నాయి, తల్లి బీపీ ఎంత అన్నవన్నీ ఎప్పటికప్పుడు దాని మీద గుర్తులు పెట్టాలి. రెండు ఏటవాలు గీతలుంటాయి. మొదటిది హెచ్చరిక గీత: 4 సెంటీమీటర్ల దగ్గర మొదలై గంటకి ఒక సెంటీమీటరు చొప్పున పైకి పోతుంది. దానికి 4 గంటల దూరంలో రెండోది, చర్య గీత. మొదటి గీత దాటితే జాగ్రత్తపడాలి, రెండోది దాటితే ఏదో ఒకటి చేసి తీరాలి.

మన దేశంలో ఈ కాగితానికి పట్టిన గతి ఆ రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. కాన్పు అయిపోయాక, బిడ్డని తుడిచి తల్లి పక్కన పడుకోబెట్టాక, తీరిగ్గా కూర్చుని నింపుతారు. గీతలు అందంగా వస్తాయి. ఏ తల్లీ హెచ్చరిక గీత దాటదు. విద్యార్థినులు దీన్ని మొదట నేర్చుకునేది కూడా అలాగే: ట్యూటర్ ఒక ఊహా కేసు ఇస్తుంది, రికార్డులో స్కేలు పెట్టి గీస్తారు, శుభ్రతకి మార్కులు పడతాయి. బొమ్మగా నేర్చుకున్నది లేబర్ రూమ్‌లోనూ బొమ్మగానే మిగిలిపోతుంది. దానికి స్టాఫ్‌ని తిట్టి లాభం లేదు.

రెండు గీతల మధ్య సరిగ్గా 4 గంటలే ఎందుకు అని అడిగి చూడండి. "పుస్తకంలో అలాగే ఉంది మేడమ్" అంటారు. జవాబు 1972లో ఉంది. అప్పటి రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో, ఫిల్‌పాట్, కాసిల్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ గీతల్ని తయారుచేశారు. అక్కడ కాన్పులు ఎక్కువగా దూరపు క్లినిక్కుల్లో మిడ్‌వైఫ్‌లు చేసేవాళ్ళు. పెద్దాసుపత్రి దూరం. తేడా కనబడిన క్షణం నుంచి తల్లిని బండెక్కించి ఆసుపత్రికి చేర్చేందుకు పట్టే వ్యవధిగా ఆ 4 గంటలు పెట్టారు. పెద్దాసుపత్రి కోసం కాదు, పెద్దాసుపత్రి లేని చోటు కోసం పుట్టిన కాగితం ఇది.

ఇప్పుడు ఇదే సంగతి లంక గ్రామానికి తెచ్చి చూడండి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలి, వశిష్ఠలోంచి వైనతేయ విడిపోయి, మధ్యలో వదిలిన భూమే కోనసీమ. ఈవేళకీ వంతెన లేని రేవులున్నాయి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం పంటు మీద దాటుతారు. వరదొస్తే పంటు ఆగిపోతుంది, చుట్టు తిరిగి పోవాలి. లంకలో అయితే ముందు ఏటిగట్టు దాకా రావాలి, తర్వాత పడవ, తర్వాత 108, తర్వాత అమలాపురమో కాకినాడో. ఆ 4 గంటలు ఎక్కడికి పోతాయో వేరే చెప్పక్కర్లేదు. వరద కబురు రాగానే నెలలు నిండిన గర్భిణుల్ని ముందే ఆసుపత్రులకి తరలించేది కూడా ఈ లెక్కతోనే.

ఇది తెలిసిన అమ్మాయి పీహెచ్‌సీలో పార్టోగ్రాఫ్‌ని చివర్లో నింపాల్సిన కాగితంగా చూడదు. బీపీ గడి ఒకటి పది నిమిషాలు ఆలస్యంగా నింపవచ్చు. ముఖద్వారం గుర్తు మాత్రం పరీక్ష చేసిన వెంటనే పెడుతుంది, ఎందుకంటే పంటు టైమ్ దాని మీద ఆధారపడి ఉంది. ఇంకో లాభం కూడా ఉంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త లేబర్ కేర్ గైడ్ తెచ్చింది. చురుకైన నొప్పుల దశని 4కి బదులు 5 సెంటీమీటర్ల నుంచి లెక్కిస్తోంది, గంటకో సెంటీమీటరన్న గీతని తీసేసింది, ఎందుకంటే ఏ ఇబ్బందీ లేని తల్లుల్లోనూ చాలామందికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. గీతలు బట్టీపట్టినవాళ్ళకి ఇది నెత్తిన పిడుగు. గీత ఎందుకుందో తెలిసినవాళ్ళకి కాగితం మారిందంతే.

అన్ని అడ్డదారులూ ఒకటి కావు

వార్డులో కనబడే ప్రతి తేడానీ "చెడు అలవాటు" అని కొట్టేయడం ట్యూటర్ల బలహీనత. కమ్యూనిటీ పోస్టింగులో బ్యాగ్ టెక్నిక్ నేర్పుతారు: ఇంటికెళ్ళాక న్యూస్‌పేపర్ పరిచి దాని మీద బ్యాగు పెట్టాలి, ముందు చేతులు కడుక్కోవాలి, తర్వాతే బ్యాగు తెరవాలి. పేపరు లేకపోతే? శుభ్రమైన అరిటాకు పరిచినా పని జరుగుతుంది. ఆ ఇంటి నేలకీ బ్యాగుకీ మధ్య శుభ్రమైన అడ్డు ఉండాలన్నది అసలు మాట. చేతులు కడగడానికి మాత్రం ప్రత్యామ్నాయం లేదు. ఈ తేడా చెప్పకుండా పేపరు మర్చిపోయినందుకు మార్కులు కోసేస్తే, ఆ పిల్ల దృష్టిలో పేపరూ చేతులూ సమానమైపోతాయి. రేపు రెండూ వదిలేస్తుంది.

ఇంకో వైపు, నిజంగా ప్రమాదమైనవి ఉన్నాయి, వాటిని సర్దుబాటు పేరుతో మన్నించకూడదు. ఇంజెక్షన్ చేశాక సూదికి మళ్ళీ మూత పెట్టడం అన్నిటికంటే మామూలుగా కనబడేది. హెపటైటిస్ బి రోగి రక్తం అంటిన సూది టీకా లేనివాళ్ళకి గుచ్చుకుంటే సోకే అవకాశం 30 శాతం దాకా ఉంటుంది, హెచ్ఐవీకి 0.3 శాతం. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులు పడాల్సింది గుచ్చుకోని తెల్ల డబ్బాలో. సీనియర్లు మూత ఎందుకు పెడతారో అడిగితే తరచుగా తేలేది ఒకటే: తెల్ల డబ్బా వార్డు చివర ఉంది, చేతిలో సూదితో అంత దూరం నడవలేక. అప్పుడు కావాల్సింది పిల్లలకి ఇంకో లెక్చర్ కాదు, ట్రాలీ మీద ఇంకో డబ్బా. లావుపాటి చేతికి చిన్న కఫ్ చుట్టి, అది తప్పుగా ఎక్కువ చూపిన బీపీకి మందు రాయించడం కూడా ఈ కోవలోదే.

మరి సీనియర్ సిస్టరే ఇవన్నీ చెప్పొచ్చు కదా? ఆవిడకి తెలుసు, కానీ చెప్పడం రాదు. 1980ల్లో అమెరికా నర్సింగ్ పండితురాలు ప్యాట్రీషియా బెన్నర్ నర్సుల ఎదుగుదలని అయిదు దశలుగా చూపింది. కొత్తవాళ్ళు నియమాన్ని పట్టుకుని నడుస్తారు. బాగా అనుభవం ఉన్నవాళ్ళు పరిస్థితిని ఒక్క చూపులో పట్టేస్తారు, నియమం వాళ్ళ ఆలోచనలో కనబడదు కూడా. "ఆ బెడ్ ఆయన రంగు బాలేదమ్మా, డాక్టరుగారిని పిలు" అంటుంది సిస్టర్. ఎలా తెలిసిందంటే "తెలుస్తుందిలే" అంటుంది. అది గొప్పలు పోవడం కాదు, దాచుకోవడమూ కాదు. ఆ "తెలుస్తుందిలే"ని విడదీసి చెప్పించేందుకు పక్కన ఇంకొకరు కావాలి. చెమట పట్టిందా, చేతులు చల్లబడ్డాయా, నాడి ఎలా ఉంది, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటి అని అడిగే మనిషి. ఆ మనిషే ట్యూటర్.

అడిగే చోటు కూడా కొత్తగా కనిపెట్టక్కర్లేదు. పోస్ట్ కాన్ఫరెన్స్ అని ఎప్పటి నుంచో ఉంది, డ్యూటీ అయ్యాక అరగంట కూర్చోవాలి. చాలాచోట్ల బస్సు టైమ్ దాన్ని మింగేస్తుంది, మిగిలింది కేస్ బుక్కు మీద సంతకాలకి సరిపోతుంది. కేస్ బుక్కుల సంగతి చెప్పనక్కర్లేదు, సీనియర్ల రికార్డులు చూసి ఎక్కించేవే ఎక్కువ. వెల్లూరు సీఎంసీలో (క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో) పాఠం చెప్పేవాళ్ళకే వార్డు బాధ్యతలూ ఉంటాయి. ప్రతి కాలేజీ అలా మారిపోవాలని అనను, అంత సొంత ఆసుపత్రి అందరికీ ఉండదు. వారానికో రోజు ట్యూటర్ పిల్లలతో కాకుండా సిస్టర్‌తో కలిసి డ్యూటీ చేసినా, ఆ ఖాళీ కుర్చీ సగం నిండుతుంది.

స్కిల్ ల్యాబ్ మీద పెట్టుకున్న ఆశలు కొంచెం తగ్గించుకోవాలి. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం, ఫిట్స్, మందు పడక కుప్పకూలడం, ఇలా అరుదుగా వచ్చి నిమిషాల్లో ముంచేసేవాటికి డమ్మీకి మించిన గురువు లేడు, ఎన్నిసార్లయినా చంపి బతికించొచ్చు. రోజూ చేసే పనులకి మాత్రం దాని ఉపయోగం కొద్దిరోజులే. డమ్మీ నరం పక్కకి జారదు, డమ్మీకి సిగ్గు లేదు, డమ్మీ వాళ్ళమ్మ తలుపు దగ్గర నిలబడి ఏడవదు. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ మొదలుపెట్టిన ఆస్కీ పరీక్షదీ అంతే, అందులో ఒక్కో స్టేషన్ (బల్ల) దగ్గర ఒక్కో పని చేయించి చూస్తారు. ఎగ్జామినర్ ఇష్టాయిష్టాల బదులు అందరికీ ఒకే కొలత తెచ్చింది, అది మేలే. కానీ స్టేషన్‌లో అన్ని సరుకులూ సిద్ధంగా పెట్టి మెట్లు లెక్కపెడితే తేలేది జ్ఞాపకశక్తే. ఒక్క స్టేషన్‌లోనైనా గాజు గొట్టం తీసేసి ప్లాస్టిక్‌ది పెట్టి, పిల్ల ఏం చేస్తుందో చూడాలి.

టైమ్‌టేబుల్ కూడా మన వాతావరణంతో సంబంధం లేకుండా నడుస్తోంది. పాము కాటు పాఠం సిలబస్ వరసలో ఎప్పుడో ఎండాకాలం వస్తుంది, కేసులు నాట్లప్పుడూ కోతలప్పుడూ వస్తాయి. వరదల తర్వాత వచ్చే విరేచనాల పాఠానిదీ అదే తంతు. సెమిస్టర్ లోపల పాఠాల వరస మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, పంచాంగం పక్కన పెట్టుకుని కూర్చుంటే చాలు.

నన్నడిగితే లాగ్‌బుక్‌లో ఇంకో గడి పెట్టమంటాను: ఈరోజు ఏ మెట్టు వదిలాను, ఎందుకు. దానికి మార్కులు ఉండకూడదు. మార్కులు పెట్టిన మర్నాటి నుంచి "ఏదీ వదల్లేదు" అనే రాస్తారు. "తెలియక" అని రాసినవి ట్యూటర్ క్లాసుకి తీసుకుపోతుంది. "టైమ్ లేక" అన్నవి సిస్టర్‌తో కూర్చుని, వదలదగ్గవో కాదో తేల్చుకుంటుంది. "సరుకు లేక" అన్నవి నెలాఖరుకి ఒకచోట చేర్చి ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఇండెంట్‌లో (సరుకు కోరే చీటీలో) కలపాలి: గాజు గొట్టాలు, పెద్ద సైజు కఫ్, ట్రాలీకి తెల్ల డబ్బా. ఆ కాగితం మీద వార్డు వైపు నుంచి ఒకటి, కాలేజీ వైపు నుంచి ఒకటి, రెండు సంతకాలుండాలి.